పెరియనాయగి మేత ముట్టలేదు

ఎద్దయినా మేకయినా పెరిగేకొద్దీ వెల పెరుగుతుంది. పెరిగేకొద్దీ వెల పడిపోయే సరుకు నేను చూసినంతలో ఒక్కటే, అది కొండచిలువ. చేతికి గాజులా చుట్టుకునే పిల్ల పామును కొంటామని నలుగురు వస్తారు. అదే పాము పద్నాలుగు అడుగులకు పెరిగి, ఇద్దరు మనుషులు పట్టుకుంటే గానీ పెట్టెలోంచి లేవని స్థితికి వచ్చాక, ఉత్తినే ఇస్తామన్నా తీసుకునేవాడు దొరకడు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని మా అమ్మ అంటుండేది. ఆమె పత్తి గురించి అనేది, నేను పాము గురించి అంటున్నాను.

నా పాము పేరు పెరియనాయగి. తమిళనాడు కోవిల్‌పట్టిలో నేను అగ్గిపెట్టెలకు కాగితం అంటించే పని చేసుకుంటున్న రోజుల్లో, డేరా ఎత్తేస్తున్న ఒక సర్కస్‌వాడి దగ్గర మా ఆయన వెళ్ళైసామి దాన్ని కొనుక్కొచ్చాడు. తెచ్చిన రోజు నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఏడాది తిరిగేసరికి అదే మాకు బతుకైంది. ఎట్టయాపురం నుంచి సాత్తూరు దాకా ఏ అమ్మవారికి పొంగల్ జాతర జరిగినా అక్కడ మా గుడారం ఉండేది. జనం వచ్చి బల్ల మీద కూర్చునేవాళ్ళు, నేను పామును మెడలో వేసేదాన్ని, ఆయన ఫోటో తీసేవాడు. మీసాలున్న మగవాళ్ళు కూడా పాము బరువు భుజాన పడగానే నా ముఖం వైపు చూసి ధైర్యం తెచ్చుకునేవాళ్ళు. ఆ చూపు నాకు ఇష్టం. అగ్గిపెట్టెలు అంటించేదాని ముఖం వైపు ఎవరూ అలా చూడరు.

పన్నెండేళ్ళు పెంచి, అలాంటిదాన్ని అమ్ముకోవలసి వచ్చింది. వెళ్ళైసామి నడుం పడిపోయింది. వంగితే లేవలేడు, లేస్తే వంగలేడు. నేనొక్కదాన్నే దాన్ని ఎత్తలేను. ఎత్తకపోతే పెట్టె కడగడం లేదు, గుడారమూ లేదు. జూకి పోయి అడిగితే కాగితాలు అడిగారు. కాగితాలు లేవంటే పాముతో పాటు మమ్మల్ని కూడా బోనులో పెట్టేలా చూశారు. ఒక తోళ్ళ వ్యాపారి వచ్చి బతికున్న పాముకు ఒక వెల, తోలుకు అంతకంటే పెద్ద వెల చెప్పాడు. వాణ్ణి చీపురు తీసుకొని వీధి మొదటిదాకా తరిమాను.

చివరికి విరుదునగర్ నుంచి కుమారవేల్, సంగవి అనే మొగుడూ పెళ్ళాలు వచ్చారు. సునామీ వచ్చిన ఏడాదికి ముందటి ఏడు అది, సంక్రాంతి పోయి వారమైంది. వాళ్ళు చిన్న చిన్న పాములతో ఆట చూపించేవాళ్ళు. విరుదునగర్‌లో పంగుని నెలలో అమ్మవారి పొంగల్‌కు జరిగే ఎగ్జిబిషన్‌లో పెద్ద పామును చూపించాలని వాళ్ళ ఆశ. సంగవికి పాతికేళ్ళు కూడా ఉండవు. పెట్టె మూత తీయగానే పామును చూసి, "ఎంత అందంగా ఉండాది అక్కా" అంది. నాతో అలా అన్న మొదటి మనిషి ఆ పిల్లే. అందుకే ఇచ్చాను, అందుకే ఓర్వలేకపోయాను.

మా నాయనది నల్లరేగడి సేద్యం. మా ఇళ్ళల్లో ఎద్దును అమ్మితే పలుపు ఇవ్వరు. కొన్నవాడు కొత్త తాడు తెచ్చుకోవాలి. పాత పలుపు ఇంట్లో ఉంటేనే కొట్టంలో కళ నిలుస్తుందని నమ్మకం. పాముకు పలుపు ఎక్కడిది? దానికి ఉన్నదల్లా పెట్టెలో పరిచిన బొంత, నా పాత చీరలతో కుట్టింది. దాన్ని లాగేసి మడిచి అటక మీద పెట్టాను. పెరియనాయగిని వాళ్ళు తెచ్చిన కొత్త గోనెలో పెట్టి పంపాను.

పంగుని వచ్చింది. ఎవరూ పిలవకపోయినా విరుదునగర్ బస్సెక్కాను. ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ పక్కన వాళ్ళ గుడారం. బయట బోర్డు మీద "డైసీ" అని రాసి ఉంది. పెరియనాయగి అనే పేరు తీసేసి కుక్కపిల్లకు పెట్టే పేరు పెట్టారు. అందరిలాగే టికెట్ కొని వరసలో నిలబడ్డాను. లోపల సంగవి చమ్కీల జాకెట్టు వేసుకొని, పామును భుజాల మీద వేసుకొని నవ్వుతూ తిరుగుతోంది. నేను ఎప్పుడూ నవ్వలేదు. పామును పట్టుకున్నది నవ్వడం కోసమా? అది చాలక దాని తలను ముద్దు పెట్టుకుంది, జనం చప్పట్లు కొట్టారు.

నా వంతు వచ్చేసరికి నన్ను గుర్తుపట్టింది.

"అక్కా, నువ్వా? టికెట్ ఎందుకు కొన్నేవు? రా, కూచో."

నా పామును నా మెడలోనే వేసింది. పెరియనాయగి నాలుక ఆడించింది. నా చెవి పక్కన ఒక్క క్షణం ఆగింది. తర్వాత మెల్లగా నా మీదుగా పాకి సంగవి చేతి మీదికి పోయింది. కుమారవేల్ ఫోటో తీశాడు. ఆ ఫోటో తర్వాత పోస్టులో వచ్చింది. అందులో ముగ్గురం ఉన్నాం, నా ముఖం ఒక్కటే చూడలేం.

ఇంటికి వచ్చాక ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. మా ఆయన అడిగాడు.

"ఏమి, పాము బాగుండాదా?"

"పాముకేమి. కొత్త చీర కట్టుకున్న కోడలి మాదిరి ఉండాది."

"నీకి పొరామై," అన్నాడు. పొరామై అంటే ఓర్వలేనితనం. లేదని నేను అనలేదు.

చిత్తిరై నెల మొదట్లో అంతోణి వచ్చాడు. తిరునాళ్ళలో తుపాకీతో బెలూన్లు పేల్పించే కొట్టు అతనిది, మాతో పాటు ఊళ్ళన్నీ తిరిగినవాడు. వేరుశెనగ పాకం ముక్క బుగ్గన పెట్టుకొని చావు కబురు చల్లగా చెప్పాడు.

"నీ పాము ఆడ మేత ముట్టలా కాళీ. పోయినకాడి నుంచి ఒక్క కోడి తినలేదంట. ఎముకలు తేలిపోయినాయి. నీ మీద ఏక్కం అనుకుంటా."

ఏక్కం అంటే బెంగ. "అయ్యో పావం" అన్నాను పైకి. అతను వీధి దాటిపోగానే బజారుకు వెళ్ళి వంజరం చేప తెచ్చి పులుసు పెట్టాను. ఆ పులుసు ఎందుకు పెట్టానో వెళ్ళైసామికి తెలుసు. తింటూ తింటూ అన్నాడు.

"ఆ బొంత ఇచ్చి పంపుదాం. దాని వాసన లేకనే తినలేదేమో."

"ఎద్దును అమ్మినోడు పలుపు ఇచ్చినాడా యాడన్నా?"

"అది ఎద్దు కాదే."

"ఎద్దయితే ఏమి, పామయితే ఏమి. కొన్న ఎద్దు మేత ముట్టకుంటే అమ్మినోడు మారుమాట లేకుండా తోలకరావాల. మా నాయన తోలకరాలేదా?"

ఈ రెండో మాట కూడా మా వాళ్ళ కట్టుబాటే. మరునాడే అంతోణికి తెలిసినవాడి వ్యాను మాట్లాడుకొని విరుదునగర్ పోయాను. నూనె మిల్లు వెనక సందులో వాళ్ళ ఇల్లు. కుమారవేల్ నన్ను చూసి ఊపిరి పీల్చుకున్నాడు. సంగవి పెట్టె పక్కన చాప మీద కూర్చుని ఉంది. చమ్కీలు లేవు, తల దువ్వుకోలేదు, కళ్ళు గుంటలు పడ్డాయి. పామూ అలాగే ఉంది. వీపు వెంట ఎముక గట్టులా లేచి, పక్కలు లోపలికి పోయాయి. దాన్ని చూసి నాకు దుఃఖం వచ్చింది. ఆ దుఃఖంలో కూడా, చూశావా నేను లేకపోతే ఇంతే అనే మాట మొదట వచ్చింది.

కట్టుబాటు సంగతి చెప్పి వాళ్ళ సొమ్ము వాళ్ళకిచ్చాను. కుమారవేల్ సొమ్ము లెక్కపెట్టుకున్నాడు. సంగవి మాత్రం వ్యాను దాకా వచ్చింది.

"నీ దగ్గరయితే తింటాదా అక్కా?"

"తినకేమి," అన్నాను.

"తింటే ఒక్క మాట చెప్పి పంపు. మా పక్కన ఎస్టీడీ బూత్‌కు ఫోన్ చేస్తే పిలుస్తారు." నంబరు రాసిన చీటీ నా చేతిలో పెట్టింది. తీసుకొని నడుముకు దోపుకున్నాను. చెప్పాలన్న ఉద్దేశం నాకు లేదు.

కోవిల్‌పట్టిలో మా వీధంతా చూస్తుండగా పెరియనాయగిని దించాం. అటక మీది బొంత తీసి పరిచాను. నాటుకోడిని కాళ్ళు కట్టి దాని ముందు పెట్టి, "తిను తల్లీ" అన్నాను. చుట్టూ పదిమంది ఊపిరి బిగబట్టారు. పెరియనాయగి కోడి వైపు చూడను కూడా లేదు. తల చుట్టలోకి దూర్చుకొని పడుకుంది.

ప్రయాణం అలసట అన్నాను. మరునాడు మళ్ళీ పెట్టాను. తినలేదు. కోడిని మార్చాను, కుందేలు తెచ్చాను, చేత్తో నోటి దగ్గర పట్టుకున్నాను. పెట్టె పక్కనే చాప వేసుకున్నాను. రెప్ప వేస్తే ఎక్కడ తినేస్తుందో, ఆ ముచ్చట నేను చూడలేకపోతానో అని దాని ముఖమే చూస్తూ కూర్చున్నాను. వారం పోయింది, ఇంకో వారం పోయింది. బొంత మీద మెత్తగా పడుకుంటుందే గానీ నోరు తెరవదు.

పక్కింటి సుబ్బమ్మాళ్ ఒకరోజు గడపలో నిలబడి, ఏ పాపమూ ఎరగనట్టు అడిగింది.

"ఆడ తినకుంటే నీ మీద ఏక్కం అంటివి గదా కాళీ. ఈడా తినలేదు. అట్లయితే ఆ పిల్ల మీద ఏక్కమా?"

ఆ మాట గుండెల్లో దిగింది. నేను వేసుకున్న లెక్కే అది, నాకే తిరిగి తగిలింది. పాము ఆకలితో ఉంటే అది నా గొప్ప అనుకున్నాను. ఇప్పుడు అదే ఆకలి ఆ పిల్ల గొప్ప అయింది. ఆ సాయంత్రం పెట్టె దగ్గర కూర్చొని పామును తిట్టాను. మూడు నెలల చమ్కీలకు పన్నెండేళ్ళ పాతచీర తీసికట్టా అని అడిగాను. అది కళ్ళు మూయలేదు, దానికి రెప్పలుంటే కదా.

మూడో వారం పెట్టె కడగకపోతే వాసన వస్తోందని వెళ్ళైసామి ఒక వైపు పట్టబోయి అక్కడే కూలబడ్డాడు. గోడ పట్టుకొని లేపి మంచం మీద పడుకోబెట్టాను. పెట్టెలో పాము, మంచం మీద ఆయన, మధ్యలో నేను. పెరియనాయగి చర్మం ఎండి పొరలు లేస్తోంది, తల ఎత్తడానికి ఓపిక లేదు. ఇలాగే పోతే అది చచ్చిపోతుంది. చస్తే నా చేతిలోనే చస్తుంది. అప్పుడు నడుమున దోపుకున్న చీటీ గుర్తొచ్చింది. ఎన్నిసార్లు చీర మార్చినా ఆ చీటీని మళ్ళీ నడుముకు దోపుకుంటూనే ఉన్నాను, ఎందుకో చెప్పలేను.

ఎస్టీడీ బూత్‌లో ఫోన్ పట్టుకొని, "నీ మీదేమో ఏక్కం. ఒకసారి వచ్చి పో" అని చెప్పడానికి నా నాలుక తిరగలేదు. "పాము బాగలేదు, రా" అన్నాను అంతే. సంగవి తర్వాతి బస్సుకే వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ తీగతో అల్లిన సంచి, అందులో ఒక కోడి. తను పెంచుకున్న కోడట.

చెప్పులు విడిచి నేరుగా పెట్టె దగ్గరకు పోయింది. "డైసీ" అని పిలిచి, నా వైపు చూసి, "పెరియనాయగీ" అని దిద్దుకుంది. కోడిని పట్టుకొని దాని ముందు ఆడించింది. నేను గోడకు ఆనుకొని చూస్తున్నాను. నోరు పెట్టకు, పెట్టకు అనుకున్నాను. చచ్చిపోతుందేమో అని పిలిపించిందీ నేనే, చచ్చినా పరవాలేదు దీని చేతిలో తినకూడదు అని మొక్కుకున్నదీ నేనే. పాము తల పక్కకు తిప్పుకుంది. నాకు ప్రాణం లేచి వచ్చింది.

"ఇట్లియ్యి," అని అదే కోడిని తీసుకొని నేను పట్టుకున్నాను. పాము మళ్ళీ తల తిప్పుకుంది. పక్కకు చూస్తే సంగవి ముఖం వికసించి ఉంది. నేను చూశానని తెలిసి తల దించుకుంది. ఆ పిల్లను ఏమనగలను? నేను పడ్డ సంబరమే అది కూడా పడింది.

కోడిని పెట్టెలో ఒక మూల పడేసి, మూత దించి, "రా, ఇంత తిను. బస్సులో వచ్చినావు" అన్నాను.

వంటింట్లో ఎండుచేపల పులుసుతో అన్నం పెట్టాను. నాలుగు ముద్దలు తిన్నాక తనే మొదలుపెట్టింది.

"నేను దాన్ని బాగానే చూసుకుంటిని అక్కా. పగలంతా పక్కనే ఉంటిని. నిద్రలో కూడా చెయ్యి పెట్టె మీదనే."

"నేనేమన్నా పారేస్తినా?"

"నువ్వు అమ్మితివి. నేను అడక్కుండానే నువ్వు వెనక్కి తోలకపోతివి."

"మేత ముట్టకుంటే తోలకరావాల. అది మా కట్టుబాటు."

"ఆ కట్టుబాటు ఎద్దుకు. నీకి నేను ముద్దు పెట్టుకున్నది బాధ. ఆ దినం నీ మొకం నేను చూస్తి. ఫోటోలో కూడా ఉండాది."

గరిటె కింద పెట్టాను. "అవును. బాధే. నా పామును పట్టుకొని నువ్వు నవ్వితే నాకి బాధ. నీ మెడలో అది మెత్తగా ఉంటే బాధ. దానికి పేరు మార్చితే బాధ. చాలునా?"

"చాలు," అంది సంగవి. "నువ్వు తోలకపోయినంక ఈడ అది తినిందేమోనని నేను కూడా దినమంతా ఏడుస్తా ఉంటి. తినాలని కాదు."

కంచాలు కడుక్కొని ముందు గదిలోకి వచ్చాం. మంచం మీద వెళ్ళైసామి నోరు తెరుచుకొని నిద్రపోతున్నాడు. సంగవి మూత ఎత్తింది. పెట్టె మూలలో రెండు ఈకలున్నాయి. పెరియనాయగి ఒళ్ళు మధ్యలో ఉబ్బి, మెల్లగా నోరు సర్దుకుంటోంది.

"ఎవురిచ్చింది?" అని ఇద్దరం ఒక్కసారే అడిగాం, మంచం వైపు తిరిగి.

వెళ్ళైసామి ఉలిక్కిపడి లేచి నడుం పట్టుకున్నాడు. "ఏంది ఇచ్చేది?"

"పాము తినేసింది."

"నేను కదల్లేదే. కోడి ఆడనే గదా ఉండాది," అని మళ్ళీ పడుకున్నాడు.

సంగవి కాసేపు పామును చూసి, మూత దించి, కొంగుతో ముఖం తుడుచుకుంది. తీగ సంచి మడిచి చంకలో పెట్టుకుంది.

"నువ్వే గెలిచినావు అక్కా. నీ ఇంట్లోనే తినింది. నీకే ఉండనీ. నేను బస్సుకు పోతా."

నేను కోరుకున్నది అంతకంటే ఏముంది? తలుపు తీసి సుబ్బమ్మాళ్‌కు వినపడేలా చెప్పుకోవచ్చు. కాని అప్పటికే నాకు అసలు సంగతి తెలిసిపోయింది, తెలియనట్టు నటించడానికి నాకు నేనే అడ్డం వచ్చాను. ఆ పన్నెండేళ్ళలో అది తింటుండగా నేను ఎప్పుడు నిలబడి చూశాను? కోడిని వేసే వేళకు వీధి కుళాయిలో నీళ్ళు వచ్చేవి. వేసి, మూత పెట్టి, బిందె తీసుకొని పరుగెత్తేదాన్ని. తిరిగి వచ్చేసరికి కోడి ఉండేది కాదు. అమ్మేశాకనే, ఆ పిల్ల భుజాల మీద దాన్ని చూశాకనే, పెట్టె పక్కన చాప వేసుకొని కాపలా కూర్చోవడం నేర్చుకున్నాను. అక్కడ ఆ పిల్ల కాపలా, ఇక్కడ నా కాపలా. ఇద్దరి కళ్ళూ ఒక్క గంట దాని మీద లేకపోయేసరికి అది తిన్నది.

ఈ మాట చెప్పకపోతే సంగవి వెళ్ళిపోతుంది, పాము నాదే అవుతుంది. ఎత్తలేని పాము, కడగలేని పెట్టె. చెబితే పాము అక్కడ బతుకుతుంది, హాయిగా బతుకుతుంది, నేను లేకుండానే. అమ్మిన రోజు కూడా నాకు ఇంత నొప్పి లేదు. సంగవి చెప్పులు తొడుక్కునేదాకా పళ్ళు బిగబట్టుకొని నిలబడ్డాను.

"ఇది అరిగేదాకా కదపగూడదు," అన్నాను. "పది దినాలు పోనీ. నీ మొగుణ్ణి, బండిని తీసుకొని రా."

ఆ పిల్ల వెనక్కి తిరిగింది, అర్థం కానట్టు.

"ఈసారి మేత వేస్తే నిలబడి చూడొద్దు. పక్కన పండుకోవద్దు. కోడిని వేసి, మూత పెట్టి, నీ పని చూసుకోను పో. అట్లయితేనే తింటాది."

"చూడకుంటే నా చేతి కోడి తినిందని, నేనంటే దానికి ఇష్టమని, నాకెట్ల తెలిసేది అక్కా?"

"తెలీదు," అన్నాను. "పన్నెండేండ్లు పెంచితి. నాకి తెలిసిందా?"